మొండికేసిన కాళ్ళు

మా అత్తమ్మ మొండికేసి పోయిందని మా వాడకట్టులో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆపరేషన్ బాగానే అయిందట, కుట్లు బాగానే మానాయట, డాక్టరు లేచి నడవమన్నాడట, ఆమె మాత్రం నడవనంటే నడవనని పట్టుబట్టి మంచానికి అతుక్కుపోయిందట. పెళ్ళిళ్ళలో, దినాల్లో, బస్టాండులో కలిసిన చుట్టాలు ఈ కథను తెచ్చి నాకే చెప్తారు. నేనేదో ఆ ఇంట్లో లేనట్టు! చివర్లో ఒక మాట కలుపుతారు: "మీ అత్త సంగతి మనకెర్క లేదా? పట్టిన పట్టు ఎన్నడన్న ఇడిసిందా?"

ఆమె పట్టు విడిచే మనిషి కాదన్నది నిజమే. ఆ సంగతి నాకంటే ఎక్కువ ఎవరికి తెలుసు? కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆమెతో నేను గొడవ పడని పండుగ లేదు. పచ్చడిలో ఉప్పు దగ్గర నుంచి పిల్లలకు పెట్టే పేర్ల దాకా ప్రతిదానికీ ఇద్దరం కొంగు బిగించినవాళ్ళమే. అయినా చెప్తున్నాను, ఆమె నడవకపోవడం మొండితనం కాదు. కాళ్ళలో సత్తువ లేదు. ఆ సత్తువ ఎటు పోయిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మాది పాత పాలమూరు జిల్లా, ఆత్మకూర్ దగ్గర. నేతగాళ్ళ వాడ. మా ఇంటి ముందర గదిలో గుంత మగ్గం ఉంది. నేలలో తవ్విన గుంతలోకి కాళ్ళు దించి గట్టు మీద కూర్చుని, అడుగున ఉన్న చెక్కలు ఒకదాని తర్వాత ఒకటి తొక్కుతూ నేయాలి. మా మామ పోయాక మా ఆయన ఆ గుంతలో దిగలేదు, టౌనులో బట్టల షాపులో పనికి కుదిరాడు. నేను డిగ్రీ చదివి ప్రైవేటు బడిలో జీవశాస్త్రం చెప్తున్నాను. మగ్గం ఆపనిది అత్తమ్మే. తెల్లారి నేను చాయ పెట్టే వేళకే టకటక మొదలయ్యేది. ఆ చప్పుడుకు నాకు తలనొప్పి అని నేను, నీ చాయకు నాకు కడుపునొప్పి అని ఆమె.

ఆమెకు కాళ్ళ వాపు, బీపీ. దానికి ఒక గోలీ ఎన్నో ఏండ్లుగా మింగుతుండేది. ఒంట్లో నీరు ఉచ్చతో బయటికి పోయేలా చేసే గోలీ అది, మా దగ్గర నీళ్ళ గోలీ అంటారు. అది నీటితో పాటు ఇంకేం తోడుకుపోతుందో మేమెవరం ఎన్నడూ అడగలేదు.

ఆ ఎండాకాలం ఆమెకు కడుపులో పేగు మెలిక పడింది. వయసులో ఉండగానే గర్భసంచి తీసేశారు, ఇక్కడి ఆడవాళ్ళలో సగం మందికి తీసినట్టే. ఆ పాత కోత దగ్గరే పేగు అతుక్కుని ముడిపడిందన్నారు. ఒకటే వాంతులు. టౌనులో ఒక ప్రైవేటు దవాఖానలో చేర్పించాం. ముక్కులో నుంచి పైపు వేస్తే ఆకుపచ్చటి నీళ్ళు సంచి నిండా వచ్చేవి. ఆపరేషన్ చేశారు. అదంతా బాగానే జరిగింది. ఇక్కడిదాకా వాడకట్టు కథా నా కథా ఒక్కటే.

ఇంటికి పంపే రోజు సర్జను మా ముందర నిలబడి గబగబా చెప్పాడు. "నీళ్ళ గోలీ వేసుకుంటది కదా, కొబ్బరినీళ్ళు, పప్పు, అరటిపండ్లు మంచిగ పెట్టండి. మోషన్లయినా, బాగా నీరసంగ ఉన్నా రక్తంలో పొటాషియం చూపించండి." మా ఆయన గేటు బయట ఆటో కోసం చూస్తున్నాడు. ఆయన అక్క, అంటే మా ఆడబిడ్డ, గిన్నెలు, దుప్పట్లు మూట కడుతోంది. ఆ మాట విన్నది నేనొక్కదాన్నే. విన్న మనిషి మాటకు బలం ఉండాలంటే పక్కన ఇంకొకరు కూడా విని ఉండాలని నాకు అప్పటికి తెలియదు.

మా వాడలో పథ్యానికి పెద్ద దిక్కు మా అత్తమ్మే. ఎవరింట్లో కాన్పయినా, కోత పడినా, ఏం తినాలో ఏం తినకూడదో ఆమెనే వచ్చి అడిగేవారు. వీధి పొడుగునా ఎందరికి ఆమె పథ్యం నడిపిందో! పప్పు తింటే కుట్లకు చీము పడుతుంది. ఆలుగడ్డ వాతం. అరటిపండు జలుబు. కొబ్బరినీళ్ళయితే పచ్చి కోత మీద విషమే. పెట్టాల్సింది పాత బియ్యం అన్నం, ఎల్లిపాయ కారం, కాచిన నీళ్ళు, చాయలో ముంచిన బ్రెడ్డు. ఇప్పుడు ఆ పథ్యం ఆమె మంచం దగ్గరికే వచ్చింది.

నేను కొబ్బరిబోండం కొట్టించి తెచ్చాను. ఆమె దాని వంక కూడా చూడలేదు.

"ఎవలికే అది?"

"నీకే అత్తమ్మా. డాక్టరు చెప్పిండు."

"డాక్టరుకు కొయ్య వస్తది, కుట్ట వస్తది. పథ్యం గూడ వస్తదా?"

"నీళ్ళ గోలీకి కొబ్బరినీళ్ళు పడాలన్నడు. ఒంట్ల పొటాషియం తగ్గుతదంట."

"ఏందది?"

"ఒక ఉప్పు అనుకో."

"ఉప్పయితే కారంల ఎయ్యి. నీ కాన్పుకు పథ్యం ఎవలు పెట్టిన్రు, డాక్టరా నేనా? లేచి తిరుగుతున్నవా లేదా? నాతోటి కొట్లాడెతందుకు తాకతున్నదా లేదా?"

ఏం చెప్పను? ఉంది. ఆమె బోండాన్ని మా ఆడబిడ్డ వైపు నెట్టింది. "నువ్వు తాగు బిడ్డా, దూపగొన్నవు." ఆడబిడ్డ నిలబడే గడగడా తాగేసి, మూతి తుడుచుకుని, "చాన తీపున్నయి, పాపం పైసలు పెట్టి తెచ్చింది" అంది నా మీద జాలిగా.

ఆడబిడ్డ చెడ్డది కాదు. తల్లి కోసం అచ్చంపేట వైపు నుంచి ఇల్లు, గొడ్లు వదిలి వచ్చింది. వస్తూ వస్తూ తమ చేనులో పండిన ఆముదాలతో ఇంట్లోనే వండిన నూనె ఒక సీసా తెచ్చింది. పాలమూరు ఎర్రచెలకల్లో వాన రాకున్నా పండేది ఆముదమే కాబట్టి, తలకైనా, మోకాలి నొప్పికైనా, కడుపుకైనా మాకు ఆ సీసానే మందు.

ఇంటికొచ్చిన కొన్నాళ్ళకు అత్తమ్మ కడుపు ఉబ్బింది. వేలితో కొడితే డప్పులా మోగేది. విరేచనం లేదు, గాలి కూడా పోవడం లేదు. ఆడబిడ్డ వేడి చాయలో ఆముదం కలిపి తాగించింది. సాయంత్రానికల్లా నీళ్ళలా పోయింది, కడుపు తగ్గింది. ఇల్లంతా సంబరం. మా ఆయన షాపు నుంచి ఫోను చేసి మరీ అడిగాడు, "అయ్యిందా?" అని. మళ్ళీ ఉబ్బింది. మళ్ళీ ఆముదం. మళ్ళీ నీళ్ళ విరేచనాలు, మళ్ళీ సంబరం. రోజూ పొద్దున నీళ్ళ గోలీ మాత్రం మానలేదు, డాక్టరు రాసింది కదా.

"వదినె, తినేది గుప్పెడన్నం. కడుపుల ఇంకేమున్నదని కడుగుతున్నవు?" అన్నాను.

"ఉబ్బు కనవడ్తలేదా నీకు? లోపల పేరుకున్నది. ఎల్లగొట్టకుంటే మల్ల మెలిక పడ్తది."

ఆమె మాట అక్కడున్న అందరికీ సబబుగా తోచింది. నిజం చెప్పాలంటే కాసేపు నాకూ తోచింది. లోపల జరుగుతున్నది మాత్రం వేరు. పేగు కూడా కాళ్ళలాగా, చేతుల్లాగా కండే. ఒంట్లో పొటాషియం తగ్గితే ఏ కండా సరిగ్గా ముడుచుకోదు. పేగు కదలక పడుకుంటే కడుపు ఉబ్బుతుంది. పోవడం లేదని మేము పోయిస్తున్నాం. పోయిన ప్రతిసారీ మిగిలిన ఆ కాస్త ఉప్పూ నీళ్ళతో పాటు పోతోంది. అందుకని పేగు ఇంకా మెత్తబడుతోంది. ఇదంతా నాకు ఇంత వరసగా తెలిసింది తర్వాత. అప్పుడు నాకు తెలిసిందల్లా సర్జను గబగబా అన్న ఆ ఒక్క మాట.

అత్తమ్మకు ఖాళీగా పడుకోవడం చేతకాదు. రాట్నం మంచం పక్కకు జరిపించుకుని, మగ్గంలో పేక నూలును అటూ ఇటూ నడిపే నాడెలో పెట్టే కండెలకు నూలు చుట్టడం మొదలుపెట్టింది. నాలుగు తిప్పులు తిప్పి ఆగేది. చేతి వంక చూసుకునేది. మళ్ళీ తిప్పేది. "చెయ్యి బరువైతాంది పిల్లా" అంది ఒకసారి. నన్ను పిల్లా అని పిలవడమే వింత. కోపంలో ఉంటే ఏందే అనేది, కోపం లేని వేళ అసలు పిలిచేదే కాదు.

ఒక పొద్దున నేను బడికి తయారవుతుంటే ముందర గదిలో అలికిడి అయింది. వెళ్ళి చూస్తే గుంతలో ఉంది. గోడ పట్టుకుని వచ్చి, గట్టు మీద కూర్చుని, జారుతూ కాళ్ళు దించుకుంది. మగ్గం మీద సగం నేసిన చీర ఉంది. పడుగు బిగువు చేత్తో తడిమి చూసుకుని, చెక్క మీద కాలు పెట్టింది. చెక్క దిగలేదు. రెండో కాలు పెట్టింది. అదీ అంతే. పెళ్ళి కాకముందు నుంచి తొక్కిన చెక్కలు అవి.

"చెక్క బిగుసుకున్నట్టున్నది. చూడు" అంది.

నేను వంగి చేత్తో నొక్కాను. తేలిగ్గా దిగిపోయింది. అది దిగడం ఆమె కూడా చూసింది.

"చెక్క మంచిగనే ఉన్నది అత్తమ్మా."

"నీకేం తెలుసు మగ్గం సంగతి? నూనె పెట్టాలె దానికి."

ఆమె ముఖం అట్లా పాలిపోవడం నేను అంతకుముందు చూడలేదు. గుంతలో నుంచి బయటికి రాలేకపోయింది. చేతులు తొడల మీద ఆనించి లేవబోయి కూలబడింది. మా ఆయన వచ్చి చంకల కింద చేతులు వేసి పైకి లాగాడు. ఈలోపు గడపలో నలుగురు ఆడవాళ్ళు చేరారు.

"ఓ పెద్దమ్మా, కుట్లు మానకముందే మగ్గమెక్కిందెవలు? నీ మొండితనం సల్లగుండ!"

మొండితనం కథ పుట్టింది ఆ గడపలోనే. ఆ మర్నాటి నుంచి నడవమంటే ఆమె నడవలేదు. కాలు కింద పెట్టి, వణికి, మళ్ళీ మంచం మీద వాలిపోయేది. "కాళ్ళు రాట్లేదు" అనేది. మా ఆయన విసుక్కునేవాడు. "గుంతల దిగెతందుకు వచ్చినయి, బాయికాడి దాక నడిచెతందుకు రావా అమ్మా?" ఆడబిడ్డ బతిమాలేది, తర్వాత తిట్టేది, తర్వాత ఏడ్చేది. చూడవచ్చిన వాళ్ళు తలా ఒక నీతి చెప్పిపోయేవాళ్ళు. అత్తమ్మ గోడ వైపు తిరిగి పడుకునేది. అది కూడా మొండితనం లెక్కలోకే వెళ్ళింది.

నేను పోట్లాడాను. వంటింట్లో, వాకిట్లో, మా ఆయన అన్నం తినేటప్పుడు, పడుకునేటప్పుడు. ఆముదం ఆపండి, నీళ్ళ గోలీ సంగతి డాక్టరును అడగండి, రక్తం చూపించండి. మా ఆయన ఒకటే అన్నాడు: "అమ్మతోటి నీకు పడదు. ఇప్పుడు అక్కతోటి గూడ మొదలుపెట్టినవా?" నేను అన్ని సంగతులకూ పోట్లాడే మనిషిని కావడం వల్ల, ఈ ఒక్క సంగతికి పోట్లాడుతుంటే అది వేరే పోట్లాట అని ఎవరికీ తెలియలేదు.

చివరికి నా పోరు పడలేక ఊరి ఆరెంపీ డాక్టరును పిలిచారు. అతను అత్తమ్మ చేతికి రబ్బరు గొట్టం బిగించి కట్టాడు. నరం దొరకలేదు. "పిడికిలి ముయ్యి, తెరువు పెద్దమ్మా. ముయ్యి, తెరువు" అని చాలాసేపు చేయించి, చెయ్యి మీద చరిచి చరిచి, ఎట్లాగో సన్నటి సూదితో లాగాడు. సీసాను చొక్కా జేబులో వేసుకుని, మధ్యలో ఇంకో ఇద్దరు రోగులను చూసుకుని, మండే ఎండలో బండి మీద టౌను ల్యాబుకు పోయాడు. నేను అతనికి చాయ పెట్టి, రెండుసార్లు దండం పెట్టాను.

సాయంత్రం కాగితం వచ్చింది. పొటాషియం నార్మల్.

మా ఆయన దాన్ని నా చేతికిచ్చి వాకిట్లోకి పోయాడు. అనాల్సింది ఆడబిడ్డ అంది: "సైన్సు టీచరమ్మా, ఇగ సాలా? ముసలిదాని నెత్తురు తీపిచ్చినవు."

ఏ కాగితం కోసం అంతగా కొట్లాడానో ఆ కాగితమే నా నోరు మూసింది. కాళ్ళు రావడం లేదు, చెయ్యి లేవడం లేదు, కడుపు ఉబ్బింది. అన్నీ కళ్ళ ముందే ఉన్నాయి. కాగితం మాత్రం కాదంటోంది. ఎవరితో వాదించను? ఆ రాత్రి మంచం దగ్గర కాళ్ళు నొక్కుతుంటే పిక్కలు పిండి ముద్దలా చేతికి మెత్తగా తగిలాయి. అత్తమ్మ మెల్లగా అడిగింది, "కాయితంల ఏమున్నదే?" అని.

"అంత మంచిగనే ఉన్నదంట."

"మరి నాకేమైతాంది?"

నువ్వు చెప్పిందే నిజం అత్తమ్మా అనడానికి నా చేతిలో ఏ ఆధారమూ మిగల్లేదు.

తర్వాత ఆమె మెడ వాలిపోయింది. నీళ్ళు తాగిద్దామని నేను తల కింద చెయ్యి పెట్టి లేపితే, తల నా చేతి మీదే బరువుగా పడింది, తనకు తానుగా నిలబడలేదు. మా ఆయన అప్పుడే గదిలోకి వచ్చాడు. నేను అత్తమ్మ చేతికి గ్లాసు ఇస్తే అది జారి పక్క మీద ఒలికిపోయింది. మొండికేసిన మనిషి గ్లాసును విసిరికొడుతుంది కానీ అట్లా జారవిడవదు. అతనికి అది ఒక్క క్షణంలో అర్థమైంది. వెంటనే పోయి కారు కిరాయికి మాట్లాడి తెచ్చాడు.

పాలమూరులో ఇంకో పెద్ద దవాఖానలో ఒక డాక్టరమ్మ చూసింది. అత్తమ్మ మోకాలు ఎత్తి వదిలింది, అది టపీమని పడింది. గుండెకు ఈసీజీ తీయించి, ఆ కాగితం పొడుగునా వేలు జరుపుకుంటూ పోయి ఒకచోట ఆగింది.

"విరేచనాల మందు ఏమన్న తాగిపిచ్చిన్రా?"

ఆడబిడ్డ నా వంక చూసింది, నేను గోడ వంక చూశాను.

"ఆముదం" అన్నాడు మా ఆయన.

"నీళ్ళ గోలీ గూడ నడుస్తున్నదా?"

"నడుస్తున్నది మేడం."

ఆమె మమ్మల్ని తిట్టలేదు. తిడితే కొంచెం బాగుండేది. గొట్టం గట్టిగా బిగించకుండా మళ్ళీ రక్తం తీయించి అక్కడికక్కడే చూపించింది. పొటాషియం చాలా తక్కువ. నేను ఆరెంపీ తెచ్చిన కాగితం సంచిలోంచి తీసి చూపించాను. ఆమె నర్సుతో మాట్లాడుతూనే నాకు చెప్పింది. ఒంట్లో పొటాషియం అంతా కణాల లోపలే ఉంటుంది, రక్తంలో ఉండేది కాస్తంతే. చెయ్యి గట్టిగా కట్టి పిడికిలి మూయించి తెరిపించినా, సన్నటి సూదితో గుంజినా, సీసా బండి మీద కుదుపులు తిన్నా లోపలిది బయటికి కారుతుంది. అప్పుడు తక్కువున్నా సరిపోయినట్టు కనబడుతుంది. "మనిషిని చూస్తే ఒకటి, కాగితం చూస్తే ఒకటి ఉన్నప్పుడు మళ్ళీ తీయించాలమ్మా" అంది.

సెలైన్లో పొటాషియం కలిపి ఎక్కించడం మొదలుపెట్టారు. ఒక్కో చుక్క. నాకు ఓపిక లేక జర తొందరగా పోనివ్వమని అడిగాను. తొందరగా పోతే గుండె ఆగుతుంది, ఆలస్యమైనా గుండెకు ప్రమాదమే అంది డాక్టరమ్మ. ఈ రెండింటి మధ్య మేము కూర్చున్నాం. చుక్క పడడం చూడడం తప్ప మాకు వేరే పని లేదు.

అత్తమ్మ చెయ్యి కదిపింది. "మండుతాంది పిల్లా. నరం కాలిపోతాంది. తీసెయ్యమను."

"జర ఓర్చుకో అత్తమ్మా. గిదే మందు. గిన్ని దినాలు నీకు కావాల్సింది గిదే."

ఆమె ఇంకో చేత్తో సూది వైపు వెళ్ళబోయింది, ఆ చెయ్యి సగం దాకా కూడా రాలేదు. మా ఆయన దాన్ని పట్టుకున్నాడు. భయంతో, ప్రేమతో, అలవాటుగా అన్నాడు: "అమ్మా, మొండి చెయ్యకు."

ఆమె కొడుకును చూసింది. తర్వాత కళ్ళు నా వైపు తిప్పింది. గొంతు సన్నగా వచ్చింది. "ఇగ మొండి చెయ్యనని చెప్పు మీ ఆయనకు."

తర్వాత ఆమె మాట్లాడలేదు. మధ్యాహ్నం దాటాక గుండె మిషను మీద గీత ఒక్కసారిగా చిందరవందర అయింది. గది నిండా మనుషులు పరుగెత్తుకొచ్చారు, మమ్మల్ని బయటికి పంపారు. తలుపు అద్దంలోంచి నాకు ఆమె కాళ్ళు మాత్రమే కనబడ్డాయి. ఛాతీ మీద వాళ్ళు నొక్కినప్పుడల్లా అవి కదిలాయి. తర్వాత అవి కూడా ఆగాయి.

దినాల నాటికే వాడకట్టు తన కథ సిద్ధం చేసుకుంది. ఆ కథను అందరికంటే గట్టిగా చెప్పేది మా ఆడబిడ్డే. అమ్మ మొండికేయకుండా లేచి నాలుగడుగులు వేసుంటే ఈ పొద్దు మన మధ్య ఉండేదని ఏడుస్తుంది. నేను నోరు తెరవబోతాను. ఆమెకు ఆ కథ తప్ప ఆసరా లేదు. అది కాదంటే మిగిలేది తాను తెచ్చిన ఆముదం సీసా. ఊళ్ళో అందరితో తగవు పెట్టుకునే నేను ఆమె ముందర మాత్రం నోరు మూసుకుంటాను. మిగతావాళ్ళకు చెప్తూనే ఉన్నాను. మొన్న పక్కింటాయన హెర్నియా ఆపరేషన్ చేయించుకుని వస్తే పోయి పప్పు పెట్టమన్నాను, కొబ్బరినీళ్ళు తాగమన్నాను. ఆయన భార్య ఓపికగా అంతా విని, "మీ అత్తమ్మ పథ్యమే పెడ్తున్న చెల్లె, ఎందరికి నయం చేసిందో తల్లి" అంది.

మగ్గం మీది చీరను వీధి చివరి ఆవిడ వచ్చి పూర్తి చేసింది. చెక్కలకు నూనె పెట్టాలా అని అడిగాను. అక్కరలేదు, మంచిగనే దిగుతున్నాయి అంది.

వాడకట్టు ఏమనుకున్నా నాకు ఇప్పుడు పెద్దగా పట్టింపు లేదు. నాకు కావలసింది ఒక్క జవాబు, అది ఇవ్వగలిగిన మనిషి ఒక్కతే. ఎత్తిపొడవడంలో ఆమెను మించినవాళ్ళు మా ఊళ్ళో లేరు. ఊపిరి ఉన్నంతవరకు ఎవరినీ ఊరికే వదిలే రకం కాదు. ఇగ మొండి చెయ్యనని చెప్పమన్నది మమ్మల్ని దెప్పడానికేనా? లేక మేమంతా రోజూ చెప్పగా చెప్పగా, తన కాళ్ళు తనకు చెప్పిన మాటను పక్కన పెట్టి, తప్పు తనదేనని నమ్మి పోయిందా?